కొండబాట కోసం భూమి కొన్నాం

మా తాతగారు విజయనగరంలో జట్కా నడిపేవారు. నాకు ఊహ తెలిసేసరికి ఆ వృత్తి చివరి దశకు వచ్చింది. రైల్వేస్టేషను ముందు నాలుగైదు జట్కాలు మాత్రమే మిగిలాయి. సాయంత్రం బండి విప్పాక తాతగారు తన కాళ్ళు కడుక్కునే ముందు గుర్రం గిట్టలు ఒక్కొక్కటే ఎత్తి, వాటిలో ఇరుక్కున్న రాళ్ళను పుల్లతో తీసేవారు. అప్పటికి పొయ్యి మీద ఉలవలు ఉడుకుతూ ఉండేవి. ఆ వాసన, చీకట్లో ఆ గుర్రం ఊపిరి చప్పుడు నన్ను నలభై ఏళ్ళపాటు వదల్లేదు. కళాశాలలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ, సీతమ్మధారలో నాలుగో అంతస్తు ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఎప్పటికైనా ఒక గుర్రాన్ని పెంచాలని, తెల్లవారుజామున కొండ ఎక్కి దిగే చోట ఉండాలని అనుకుంటూనే ఉన్నాను. 2021లో పదవీ విరమణ చేశాక మా వారిని ఒప్పించాను. ఒప్పించడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆయనకు గుర్రాల సంగతి తెలియదు కానీ నడక అంటే ప్రాణం. కంబాలకొండ అభయారణ్యంలో సందర్శకులకు అనుమతించిన దారులన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

మొదట అనంతగిరి వైపు వెళ్ళాం. చల్లని గాలి, కాఫీ తోటలు చూసి మనసు అక్కడే ఉండిపోయింది. మాకు భూమి చూపించిన మధ్యవర్తి, స్థానికుల పేరు మీద కొని మనం అనుభవించవచ్చని చెప్పాడు. ఆ మాట విన్న వెంటనే వెనక్కి వచ్చేశాం. అది షెడ్యూల్డు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, గిరిజనేతరులకు అక్కడి భూమి బదిలీ కాకుండా గట్టి కట్టడి చేశారు. అందరూ 1/70 అనేది దానినే. బినామీ పేరుతో కొంటే మన డబ్బుకు భద్రత ఉండదు. అంతకన్నా ముఖ్యంగా, ఆ భూమి ఎవరికి ఆధారమో వారి నోటి దగ్గర కూడు తీసినట్లవుతుంది. ఇంకోసారి ఆ ఊసు ఎత్తలేదు.

ఆ తర్వాత ఆనందపురం దాటి పద్మనాభం వైపు ఒక కొత్త నివాస ప్రాంతం గురించి తెలిసింది. కొండ పాదం దగ్గర ఇళ్ళ స్థలాలు, వాటి వెనుక గుర్రాలు పెంచుకునేవారి కోసం ముప్పై నుంచి యాభై సెంట్ల ముక్కలు, పైన నాలుగు కిలోమీటర్ల కొండబాట. రంగుల పుస్తకంలో ఆ బాట ఎర్రని రిబ్బనులా కొండ చుట్టూ తిరిగి ఉంది. మా ఇద్దరికీ అది చూడగానే నచ్చింది. 2021 డిసెంబరులో ఒక ఉదయం వెళ్ళాం. జీడిమామిడి చెట్ల కింద మంచు ఇంకా ఆరలేదు. అమ్మకాల కుర్రవాడు మాతో సగం దూరం వచ్చి, బూట్లకు బురద అంటుతోందని ఆగిపోయాడు. మేమిద్దరం ముందుకు వెళ్ళాం. గెడ్డ, అంటే కొండవాగు, దాటిన తర్వాత మేకల మంద తోలుకుంటూ ఒక పెద్దాయన ఎదురయ్యారు. స్థలం కొనడానికి వచ్చామని చెబితే ఆయన కర్రను నేలకు ఆనించి, "స్థలం కొనుక్కోండి అమ్మా. ఈ బాటను మాత్రం ఎవరూ అమ్మలేదు. మా ముత్తాతల నాటి నుంచి జీడితోటలకు, కట్టెలకు, కొండమీద అమ్మవారి గుడికి ఇదే దారి" అన్నారు.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. మేము భూమి చూసి కాదు, ఆ బాట చూసి డబ్బు పెట్టబోతున్నాం. ఆ బాట ఎవరిదో తెలియకుండా సంతకం ఎలా పెట్టడం?

మామూలు పత్రాల పని ముందు మొదలుపెట్టాం. అమ్మేవారి స్థలం రెండు రకాలుగా ఉందని అప్పుడే అర్థమైంది. ముందు భాగం విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అనుమతి ఉన్న లేఅవుట్. దాని నంబరు, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా నమోదు నంబరు రెండూ సరిపోయాయి. ఇటువంటి లేఅవుట్లలో 15 శాతం ప్లాట్లు అభివృద్ధి పనులు పూర్తయ్యేదాకా తనఖాలో ఉంటాయి. మాకు ముందు చూపించిన మూల ప్లాటు ఆ తనఖా జాబితాలోనే ఉంది! అడిగితే "అది రేపో మాపో విడుదల అవుతుంది" అన్నారు. ఇంటి కోసం మేము వేరే ప్లాటు ఎంచుకున్నాం. గుర్రాల ముక్కలున్న వెనుక భాగానికి మాత్రం లేఅవుట్ అనుమతి లేదు. అది వ్యవసాయ భూమి, సెంట్ల లెక్కన అమ్ముతున్నారు. ఫామ్ ప్లాటు అనే పేరుతో వచ్చేవాటిలో చాలా వరకు ఇలాంటివే. అనుమతి ఉన్న లేఅవుట్‌లో రోడ్లు, మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీస్థలం స్థానిక సంస్థ పేరు మీదకు వెళ్తాయి. వ్యవసాయ భూమిని ముక్కలు చేసి అమ్మినప్పుడు ఆ రక్షణ ఏదీ ఉండదు. మధ్యలో చూపించే రోడ్డు అమ్మినవాడి భూమిగానే మిగిలిపోతుంది. పదేళ్ళ తర్వాత అతని వారసుడు వచ్చి అక్కడ కంచె వేస్తే మన గుర్రం మన షెడ్డులోనే బందీ అవుతుంది.

కాబట్టి వెనుక భాగం పుట్టుపూర్వోత్తరాలు తవ్వాం. ఈసీ, అంటే భూమి మీద జరిగిన లావాదేవీల పత్రం, 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో పాత పుస్తకాలు వెతికించి తీయించాలి. అడంగల్, 1-బి అనే రెవెన్యూ రికార్డులను మీభూమి వెబ్‌సైటులో చూశాం. ఒకప్పుడు జమీందారీ గ్రామం కావడంతో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్, అంటే ఇక్కడి వాళ్ళు ఎస్‌ఎఫ్‌ఏ అని పిలిచే రికార్డు, నకలు తీసుకున్నాం. ఆ భూమి అందులో జిరాయితీగా, అంటే సొంత పట్టా భూమిగా ఉందా, పోరంబోకుగా, అంటే ప్రభుత్వ భూమిగా ఉందా అన్నదే అసలు ప్రశ్న. పేదలకు ఇచ్చిన డీపట్టా భూమి అయితే 1977 చట్టం ప్రకారం అప్పట్లో కొనుగోలు చెల్లేది కాదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ నిషేధిత జాబితా కూడా చూడాలి. గుర్రం కోసం మేము ఎంచుకున్న 40 సెంట్లు శుభ్రమైన జిరాయితీ. ఇదంతా మూడు నెలలు పట్టింది. ఈ దశలో వకీలుకు ఇచ్చిన రుసుము మేము పెట్టిన ఖర్చులన్నింటిలో అత్యంత విలువైనదని ఇప్పటికీ అంటాను.

ఇక బాట సంగతి. గ్రామ నక్షను, అంటే ఊరి పటాన్ని, పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, రంగుల పుస్తకంలోని ఎర్ర రిబ్బనును పెన్సిలుతో దాని మీద గీసి చూశాను. కొంతదూరం రెండూ కలిశాయి. గెడ్డ దగ్గర విడిపోయాయి. నక్షలో చుక్కల గీతతో ఉన్న పాత బాట గెడ్డకు సమాంతరంగా పైకి పోతోంది. పుస్తకంలోని రిబ్బను మాత్రం గెడ్డ పోరంబోకును అడ్డంగా దాటి, పైన రిజర్వు ఫారెస్టు హద్దు లోపలికి వెళ్ళిపోయింది.

కళ్ళతో చూడాలని, హద్దులు కొలిపించుకునే ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టాం. సర్వేయరు వచ్చిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉంది. ఫిబ్రవరి ఎండ. ఆయన సర్వే కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీ నకలు పరిచి, ముందు మూడు గ్రామాల హద్దులు కలిసే రాయి కోసం వెతికారు. తుప్పల్లో గంటసేపు వెతికినా దొరకలేదు. మేకల పెద్దాయన నవ్వుతూ వచ్చి, ఒక చీమల పుట్ట పక్కన మట్టిని కాలితో తోస్తే రాయి తల బయటపడింది. ఆ రాయి దొరికాక పని సాఫీగా సాగింది. పాత కొలతలన్నీ లింకుల్లో ఉన్నాయి. గొలుసుకు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఎఫ్‌ఎంబీలో మా నలభై సెంట్లకు ఉత్తరాన పోయే బాట వెడల్పు 15 లింకులని రాసి ఉంది. అంటే పది అడుగులకు రవ్వంత తక్కువ. మనిషికి, మేకలకు, గుర్రానికి సరిపోయే వెడల్పు. నేలమీద చూస్తే అందులో సగాన్ని అమ్మకందారు వేసిన సిమెంటు స్తంభాలు తినేశాయి.

అటవీ హద్దు దగ్గర బీటు అధికారి కూడా వచ్చి రాళ్ళ గుట్టలు చూపించారు. అనుమతి లేకుండా లోపల బాట కొట్టినా, గుర్రాన్ని తిప్పినా నేరమని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పారు. లెక్క తేలింది. పుస్తకంలోని నాలుగు కిలోమీటర్లలో మనం ధర్మంగా నడవగలిగినది రెండున్నర కిలోమీటర్లకు మించదు. మా వారు కొంచెం నిరాశపడ్డారు. నాకు మాత్రం గుండెల మీద బరువు దిగింది. ఆ రెండున్నర కిలోమీటర్లూ గ్రామ పటంలో ఉన్న బాట. దాన్ని ఎవరూ మూసివేయలేరు.

మూసివేయాలన్న ఆలోచన మాత్రం అమ్మేవారికి ఉంది. కొండ మొదట్లో గేటు, కాపలా గది కట్టి, బాట నివాసులకు మాత్రమే అని బోర్డు పెట్టడానికి సిద్ధమయ్యారు. అప్పటికి బయానా ఇచ్చిన కుటుంబాలు పదకొండు. అందరినీ ఒక ఆదివారం మా ఇంటికి పిలిచాను. భద్రత కోసం గేటు ఉండాలని కొందరు గట్టిగా వాదించారు. వాళ్ళ భయం తప్పని నేను అనను, చిన్నపిల్లలున్నవారు ఉన్నారు. నక్ష చూపించి, గ్రామస్థులు తరతరాలుగా నడిచే దారి ఇదని చెప్పాను. రికార్డులో లేని బాటకు సైతం 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళు నిరాటంకంగా నడిస్తే హక్కు ఏర్పడుతుంది. ఇక్కడ రికార్డులోనే ఉంది. గేటు పెడితే మన ఇళ్ళు కోర్టు వాజ్యంతో మొదలవుతాయి. పొరుగువారి శాపనార్థాలతో మొదలవుతాయి. చివరికి ఇళ్ళ వీధులకు మాత్రం గేటు, కొండబాటకు గేటు లేదు అని తీర్మానించాం. పదకొండు మందిమీ కలిసి వెళ్ళి, స్తంభాలు తీస్తేనే మిగతా డబ్బు ఇస్తామని చెప్పాం. నెలన్నర ఫోన్లు ఎత్తలేదు. తర్వాత స్తంభాలు లేచిపోయాయి.

భూమి కొనబోయే ప్రతి ఒక్కరినీ చేతులు పట్టుకుని అడగాలనిపించే మాట ఒకటుంది. దస్తావేజు ముసాయిదాలో చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం, చదవండి. మా ముసాయిదాలో ఉత్తరం హద్దు దగ్గర "ప్రాజెక్టు అంతర్గత రోడ్డు" అని రాశారు. ఆ మూడు మాటలు అలాగే రిజిస్టరు అయితే, ఆ బాట అమ్మకందారు సొంతమని మేమే ఒప్పుకున్నట్లు. దాన్ని కొట్టించి "గ్రామ నక్ష ప్రకారం గ్రామ బాట" అని, వెడల్పుతో సహా రాయించాం. ఆ ఒక్క మార్పు కోసం ముసాయిదా నాలుగుసార్లు తిరిగింది. 2022 నవంబరులో రిజిస్ట్రేషన్ అయింది. స్టాంపు సుంకం, బదలాయింపు సుంకం, రుసుము కలిపి ఏడున్నర శాతం కట్టాం. ఆపైన ఇంటి అనుమతి, బోరుకు నీరు, భూమి, చెట్లకు సంబంధించిన వాల్టా చట్టం కింద అనుమతి వంటివన్నీ ఎవరికైనా ఉండేవే.

ఇల్లు కడుతుండగానే బాట పని మొదలుపెట్టాం. మా పదకొండు కుటుంబాలు ఒక సంఘంగా ఏర్పడి 2001 నాటి సంఘాల చట్టం కింద నమోదు చేసుకున్నాం. మొదటి ఏడాది మేము చేసిన తప్పు చెప్పాలి. బాటను అందంగా చేద్దామని యంత్రం పెట్టి చదును చేయించి, కొండవాలుకు నిటారుగా ఒక అడ్డదారి కూడా తీయించాం. అక్టోబరులో వాయుగుండం వచ్చి రెండు రోజులు వాన కొట్టింది. తెల్లారి చూస్తే అడ్డదారి స్థానంలో మోకాలి లోతు కాలువ! భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసినవారికి ఈ నేల గుణం తెలిసే ఉంటుంది. వాన నీరు కోసిన లోయలే ఆ దిబ్బలకు ఆ రూపం ఇచ్చాయి. అక్కడ అద్భుతంగా కనిపించేదే మన బాట మీద జరిగితే ప్రమాదం. మనిషి అడుగు కన్నా గుర్రం గిట్ట నేలను ఎక్కువగా తవ్వుతుంది. వదులైన మట్టిని తర్వాతి వాన మోసుకుపోతుంది.

మళ్ళీ మేకల పెద్దాయననే అడిగాం. ఆయన పాత బాటను చూపించి, అది ఎక్కడా నిటారుగా ఎక్కదని, కొండను ఒరుసుకుంటూ మెల్లగా లేస్తుందని చెప్పారు. కొలిచి చూస్తే చాలా చోట్ల పది అడుగుల నడకకు ఒక అడుగు ఎత్తు కూడా లేదు. కొండబాటలు వేసే నిపుణులు చెప్పేదీ అదే. వాలు పదో వంతు లోపు ఉండాలి, బాట పల్లం వైపుకు కాస్త ఒరిగి ఉండాలి. అప్పుడు నీరు బాట వెంట పరుగెత్తకుండా అడ్డంగా జారిపోతుంది. అడ్డదారిని రాళ్ళతో, తుప్పలతో మూసేశాం. ఏటవాలుగా రాళ్ళు పాతి నీరు పక్కకు మళ్ళించాం. యంత్రం మళ్ళీ తేలేదు. ఊరి నుంచి ఆరుగురు మనుషులు, పలుగు, పార, గునపం. రెండు వేసవులు పట్టింది.

ఇంకొక పొరపాటు గుర్రం రాకముందే బయటపడింది, దేవుడి దయ. అమ్మేవారు వీధుల వెంట గన్నేరు మొక్కలు వరుసగా నాటించారు. పశువులు తినవు, నీళ్ళు అడగవు, ఏడాదంతా పూలు. కానీ గన్నేరు గుర్రానికి విషం. కొద్దిపాటి ఆకులు, ఎండినవైనా సరే, గుండెను ఆపేస్తాయి. కత్తిరించిన కొమ్మల్ని మేతలో కలిపేస్తే గుర్రం గుర్తుపట్టకపోవచ్చు కూడా. పశువైద్యులు చెప్పగానే సంఘంలో పెట్టి ఆ మొక్కలన్నీ వేళ్ళతో తీయించి గొయ్యిలో పూడ్పించాం. వాటి చోట తంగేడు నాటాలని ఒకరు, నేరేడు నాటాలని ఒకరు. నేరేడు గెలిచింది.

షెడ్డు విషయంలో మా వారిదే నిర్ణయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మా అపార్టుమెంటు పైనుంచి రేకులు కాగితాల్లా ఎగరడం ఆయన చూశారు. అందుకే రేకులు వద్దని, పెంకులు వద్దని, ఇనుప చట్రం మీద గట్టి కప్పు వేయించారు. లోపల పన్నెండు అడుగుల చదరం. సముద్రపు గాలి వచ్చే తూర్పు వైపు తెరిచి ఉంచాం. ఇక్కడి ఎండకన్నా ఉక్క గుర్రాన్ని ఎక్కువ బాధపెడుతుంది.

2024 జనవరిలో రామకృష్ణా బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే ఒక ఆడగుర్రాన్ని కొన్నాం. పళ్ళు చూసి వయసు పద్నాలుగు పైమాటే అన్నారు వైద్యులు. గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్షకు రక్తం తీసి పంపి, లేదని తేలాకే ఇంటికి తెచ్చాం. ఆ రోగం మనుషులకూ సోకుతుంది, అక్కడ తొందర పనికిరాదు. మొదటి నెల నేపియర్ గడ్డి మాత్రమే వేశాను. ఆ గడ్డిలో ఉండే ఆక్సలేట్ కాల్షియంను ఒంటికి పట్టనివ్వదని, ఏళ్ళ తరబడి అదొక్కటే తింటే ముఖం ఎముకలు వాస్తాయని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎండుగడ్డి, లూసర్న్, కొంచెం నానబెట్టిన ఉలవలు, ఉప్పుగడ్డ. రోజుకు ముప్పై లీటర్ల నీళ్ళు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. వానల్లో జోరీగలు సర్రా రోగాన్ని మోసుకొస్తాయి కాబట్టి సాయంత్రాలు వేపాకు పొగ వేస్తాం. గిట్టలు కోసి లాడాలు సరిచేసే మనిషి నగరం నుంచి ఏడు వారాలకోసారి వస్తాడు. మిగిలిన రోజుల్లో పుల్ల పట్టుకుని రాళ్ళు తీసేది నేనే.

గుర్రం మీద ఎక్కను, నా మోకాళ్ళు ఒప్పుకోవు. పగ్గం పట్టుకుని పక్కన నడుస్తాను. జీడి కాపు కాలంలో తెల్లవారుజామునే ఆడవాళ్ళు బుట్టలతో దిగుతుంటారు. గుర్రం వెనుక నుంచి అకస్మాత్తుగా వస్తే బెదురుతుందని, ముందు ఒక మాట వినిపించి పల్లం వైపు నిలబడమని వాళ్ళకు చెప్పాను. నాలుగు రోజులకు వాళ్ళే గుర్రాన్ని పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. వాళ్ళ తల మీద బరువు ఉంటే మేమే ఆగుతాం. సంఘం నియమాల్లో ఆ వాక్యాన్ని నేనే రాశాను: బరువు మోసేవారికి దారి ముందు.

మొన్న భూముల రీసర్వే కొత్త పటాలు గ్రామ సచివాలయానికి వచ్చాయని తెలిసి వెళ్ళాను. పాత సర్వే నంబర్లు పోయి కొత్త నంబర్లు వచ్చాయి. మా ముక్క దొరకడానికి కొంతసేపు పట్టింది. దాని ఉత్తరాన రెండు గీతలు, వాటి మధ్య బాట. వెడల్పు మీటర్లలో ఉంటే అక్కడే లింకుల్లోకి మార్చి చూసుకున్నాను. పదిహేను. రెండు నకళ్ళు తీయించాను. ఒకటి దస్తావేజుతోపాటు బీరువాలో పెట్టాను. రెండోదాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మేకల పెద్దాయనకు ఇచ్చి వచ్చాను.